ముద్ర లేని తరాజు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దుకాణదారులు నన్ను చూసి భయపడ్డారు. రిటైరయ్యాక, పొద్దున్నే హన్మకొండలో నడకకు వచ్చే కుర్రాళ్ళు నన్ను చూసి ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కోసారి ఆ భయమే నయమనిపిస్తుంది.

మొన్న ఒకాయన, మంచి ఉద్యోగంలో ఉన్నవాడే, నడుస్తూ నడుస్తూ ఆగి అడిగాడు.

"అంకుల్, కిలోలు, మీటర్లు వచ్చి గిన్నేండ్లయింది గదా. మనోళ్ళు ఇంకా తులం, గజం, మూర అనుడు బంద్ చేస్తలేరేంది? మీ డిపార్ట్‌మెంటోళ్ళు గిన్ని రోజులు ఏం చేసిండ్రు?"

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అంతకు ముందు అరగంట సేపు ఆయన నాకు చెప్పిన కబుర్లు ఇవి: ఊరి బయట రెండు వందల గజాల ప్లాటు కొన్నాడు. దాని పక్కన ఎవరిదో ఎకరన్నర మామిడితోట ఉంది. ఇంట్లో కొత్త టీవీ యాభై అయిదు ఇంచులది. చిన్నోడికి రాత్రి నూటరెండు జ్వరం వచ్చింది. ఇందులో మా శాఖ ఒప్పుకునే కొలత ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ మాట ఆయనకు చెబుదామనుకుని, మళ్ళీ పొద్దున్నే ఎందుకులే అని ఊరుకున్నాను.

నేను తూనికలు, కొలతలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. దుకాణాల్లో తరాజులు, తూకపు రాళ్ళు, మీటరు బద్దలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వెయ్యాలి. ముద్ర లేనివి పట్టుకుపోవాలి. ఉద్యోగమంటే అంతే. పైకి చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, మనిషి అబద్ధం ఎక్కడ దాస్తాడో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలువు లేదు. పళ్ళెం అడుగున అంటించిన చింతపండు దగ్గర్నుంచి సీసా అడుగున లోపలికి నొక్కిన గుంట దాకా అన్నీ చూశాను.

పాత కొలతలు ఎందుకు పోలేదని అడిగినవాళ్ళకు ముందు మా ఆఫీసు సంగతే చెప్పాలి. ఒకసారి మా ఆఫీసు సభకు పైఅధికారి వచ్చి, దేశమంతా ఒకే కొలత అని గంటసేపు మాట్లాడారు. దిగి వచ్చి కుర్చీలో కూర్చుని పక్కాయనను అడిగిన మొదటి మాట, "ఇయ్యాల తులం ఎంత ఉన్నది?" అని. ఆయన మెళ్ళో వేసిన పూలదండ మూరల లెక్కన కొన్నది. కొన్నది నేనే. బిల్లులో మూరలని రాస్తే పాస్ కాదని మీటర్లు రాయమన్నాను. పూలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "గదేందో నువ్వే రాసుకో సారూ, నేను వేలిముద్రేస్త," అంది.

అసలు తులం సంగతి మరీ తమాషా. పాత తులం పది గ్రాములకంటే ఎక్కువే ఉండేది. ఇప్పుడు బంగారం దుకాణంలో తులమంటే పది గ్రాములు, అంతే. పేరు తులానిది, ఒళ్ళు గ్రాములది. కిలోలు గెలిచాయో తులం గెలిచిందో ఉద్యోగమంతా ఆలోచించినా నాకు తేలలేదు.

కాబట్టి ఎందుకు పోలేదు అంటే నా దగ్గర సిద్ధాంతం ఏదీ లేదు. ఒక కేసు ఉంది. అది చెబుతాను.

నా రిటైర్మెంటు దగ్గర పడిన రోజులు. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిని పని నేర్పమని నా వెంట పంపారు. బీటెక్ చదివింది. చట్టమంతా ఫోన్‌లో పెట్టుకుని తిరిగేది. నేను ఏ దుకాణంలోనైనా, "సరే పోనీలే, వచ్చేవారం ముద్ర వేయించుకో," అన్నానంటే చాలు, టకటకా ఫోన్ నొక్కి ఏ సెక్షను కింద అలా పోనివ్వకూడదో చదివి వినిపించేది. నేను నేర్పిన దానికంటే నాకు గుర్తు చేసిందే ఎక్కువ. పిల్ల మంచిది, ఆ మాట ముందే చెప్పాలి.

అవి మేడారం జాతర ముందు రోజులు. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఆ జాతరలో బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. కష్టంలో మొక్కుకున్నవాళ్ళు, కష్టం తీరాక, తమ ఎత్తు బంగారం అక్కడి దేవతలైన తల్లులకు ఇచ్చుకుంటారు. ఎత్తు అంటే పొడవు కాదు, బరువు. తరాజులో ఒక పక్క మనిషి కూర్చుంటాడు, రెండో పక్క బెల్లం పేరుస్తారు. ఇలా తూచడాన్నే జోకుడు అంటారు; రెండూ సరితూగితే మొక్కు సరిపోయినట్టు. అందుకే ఆ రోజుల్లో వరంగల్ మార్కెట్లో బెల్లం దుకాణాల ముందు కాలు పెట్టే సందు ఉండదు. ఎక్కువ బెల్లం కొంటే సారా కాస్తారేమోనని ఇంకో శాఖవాళ్ళు ఆధార్ కార్డు అడుగుతారు, తక్కువ తూస్తున్నారేమోనని మేం తరాజు అడుగుతాం. ఈ రెండు శాఖల మధ్య నుంచి దూరి వచ్చిన బెల్లమే తల్లుల దాకా పోతుంది.

మేం వెళ్ళిన దుకాణం పాతది. షావుకారు లావుపాటి మనిషి, మాటకారి, ఇన్‌స్పెక్టర్లంటే భయం లేనివాడు. లోపల ఎలక్ట్రానిక్ మిషను, ఈ ఏడాది ముద్రతో సహా, నిగనిగలాడుతూ ఉంది. బయట, ఇనుప ముక్కాలికి పెద్ద తరాజు వేలాడుతోంది. వాళ్ళ తాత నాటిదట. చెయ్యంత లావు ఇనుప అడ్డ కాడ, గొలుసులకు రెండు చెక్క పలకలు, పలకలకు పసుపు కుంకుమలు. రెండేళ్ళకోసారి జాతరకే బయటికి తీస్తారు.

"ముద్ర ఏదీ సేటూ?" అన్నాను.

"దీనికి ముద్రెందుకు సార్? దీని మీద నేను సామాన్ అమ్ముతలేను. మనుషులను జోకుతాన."

"తూకపు రాళ్ళేవి?"

"రాళ్ళుండయి సార్ దీనికి. మనిషే రాయి."

మా ఆఫీసు అమ్మాయి ఫోన్ తీసింది. "సార్, ముద్ర లేని తూకపు రాయి వాడటం కూడా నేరమే," అంది. తర్వాత వరసలో నిలబడ్డ జనాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "అంటే వీళ్ళందరికీ ముద్ర వెయ్యాలా సార్?"

అది ఎగతాళో సందేహమో ఆమె ముఖం చూస్తే తెలియలేదు.

"ఏయుండ్రి మేడం," అన్నాడు షావుకారు. "నాకే ముందు ఏయుండ్రి. మా ఇంటామె నన్ను లెక్కల పట్టుకుంటలేదు, ముద్ర చూసన్న పట్టుకుంటది."

జనం నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చట్టం నవ్వదు. దుకాణంలో తరాజు కనిపించిందంటే అది వ్యాపారానికే అని అనుకోవాలి. తాతదైనా సరే, తల్లిదైనా సరే. దించి కట్టెయ్యమన్నాను. షావుకారుకు అప్పుడు మాత్రం ముఖం మాడింది. "జాతర ముంగట తరాజు దించుడు మంచిగుండదు సార్," అని గొణుగుతూనే మనిషిని పిలిచాడు.

సరిగ్గా అప్పుడే వాళ్ళొచ్చారు. భార్యా భర్తా, పదేళ్ళ కూతురు. స్టేషన్ ఘన్‌పూర్ అవతల పల్లె నుంచి పొద్దుటి రైలుకు వచ్చారు. కాయకష్టం చేసుకునే వాళ్ళని చూడగానే తెలుస్తోంది. పిల్ల బూరెబుగ్గలతో, ఒక చేతిలో సగం తిన్న అరటిపండు పట్టుకుని ఉంది.

"బిడ్డ ఎత్తు బంగారం జోకాలె సేటూ. రెండింటికి మేడారం బస్సున్నది," అన్నాడు తండ్రి.

"తరాజు బందయింది తమ్మీ. సార్లు పట్టుకపోతాండ్రు. ఫికర్ చెయ్యకు, మిషన్ మీద జోకుత. పిల్లను ఎక్కియ్యి. ఎన్ని కిలోలుంటె గన్ని కిలోల బంగారం కడుత."

తండ్రి పిల్ల చెయ్యి పట్టుకుని మిషను వైపు కదిలాడు. తల్లి కదల్లేదు.

"మిషన్ మీద వద్దు," అంది.

ఇలాంటి వాళ్ళను నా ఉద్యోగంలో చాలామందినే చూశాను. కొత్త మిషను మోసం చేస్తుందని అనుమానం. వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఒక చిన్న ఉపన్యాసం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అది మొదలు పెట్టాను.

"చెల్లే, తరాజు కంటె మిషనే నయం. ఈ మిషన్‌ను మేమే పరీక్ష చేసినం. కొంచెం కూడ తప్పు చూపియ్యది. నీకు మోసం కాదు."

"తప్పు చూపియ్యదని నాకెరికే సారూ. అందుకే వద్దంటాన."

ఎందుకమ్మా అని అడిగాను.

ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఎవరికో బస్సు దారి చెబుతున్నట్టు చెప్పింది.

"పోయిన జాతర ముంగట ఇది దవాఖానల పడ్డది సారూ. పేగుల బీమారి అన్నరు. తింటె ఒంటికి పడ్తలేదు. నర్సమ్మ పొద్దుగాల్నే వచ్చి గసొంటి మిషన్ మీదనే నిలవెట్టేది. ఎర్ర అంకెలు. నాకు సదువు రాదు గని అంకెలస్తయి. రోజింత తగ్గుడు. ఒక్కనాడన్న తప్పు చూపిస్తదేమో అని చూసేది నేను. ఒక్కనాడు తప్పు చెప్పలే. నా బిడ్డ అరిగిపోతాంటె అరిగిపోతాందని సక్కగ చెప్పింది."

పిల్ల అరటిపండు తినడం ఆపింది. తల్లి దాని చెయ్యి నోటి దాకా నెట్టి, తినమని సైగ చేసింది.

"అప్పుడు మొక్కిన. తల్లీ, నా బిడ్డ మల్ల బరువెక్కితె దాన్ని జోకి, దాని ఎత్తు బంగారం నీకు అప్పజెప్త అన్న. అంకెలు జోకుత అని మొక్కలే సారూ. బిడ్డను జోకుత అని మొక్కిన."

సరిగ్గా తూచే మిషను మీద ఒక మనిషికి కోపం ఉండొచ్చని మాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. నా చిన్న ఉపన్యాసం నాకే సిగ్గుగా వినిపించింది. పక్కన మా అమ్మాయి ఫోన్ బ్యాగులో పెట్టేసింది. ఆమె ఫోన్ బ్యాగులో పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

"సార్, ఇక్కడే పరీక్ష చేసి ముద్ర వేసెయ్యొచ్చు కదా. సామాన్లు జీపులో ఉన్నాయి," అంది.

మంచి మాటే. దించిన తరాజును మళ్ళీ ఎక్కించారు. షావుకారు ముఖం వెలిగింది. ఖాళీ తరాజు ముల్లు చక్కగా నిలబడింది. శభాష్ అనుకున్నాను. తర్వాత మా ముద్ర రాళ్ళు రెండు పక్కలా సమానంగా పెట్టాం. ముల్లు వంగింది. పక్కలు మార్చి పెట్టాం. మళ్ళీ అటే వంగింది.

వంగింది మనిషి కూర్చునే వైపుకు.

సంగతేమిటంటే, ఎప్పుడో కాడ వంగితే కమ్మరి చేత సాగదీయించారట. అప్పటి నుంచి ముల్లుకు ఒక పక్క కాస్త పొడవు, ఒక పక్క కాస్త పొట్టి. ఖాళీగా ఉంటే బుద్ధిగా నిలబడుతుంది. బరువు పడితే మాత్రం పొడుగు వైపు ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎన్ని జాతరల నుంచో ఈ దుకాణం ముందు కూర్చున్న ప్రతి భక్తుడూ తన అసలు బరువు కంటే కాస్త ఎక్కువ తూగి, సంతోషంగా బస్సెక్కిపోయాడన్నమాట.

షావుకారు ఏమాత్రం తొణకలేదు.

"సార్, తరాజుల తూగినంక ఆ బంగారాన్ని మిషన్ మీద పెట్టి కిలోల లెక్కన పైసలు తీసుకుంట. కొన్నంత బెల్లం వాళ్ళకు ముట్టింది. కొంచెం ఎక్కువైన బెల్లం తల్లికి ముట్టింది. నాకు బేరం ముట్టింది. ఇండ్ల ఏడ్చెటోడు ఎవ్వడు సార్? జర చూపియ్యిండ్రి."

చూపించలేకపోయాను. ఉద్యోగమంతా నా పని అదే, మోసపోయినవాణ్ణి వెతికి పట్టుకోవడం. ఇక్కడ మోసం కళ్ళ ముందు వేలాడుతోంది, మోసపోయినవాడు దొరకడం లేదు.

మా అమ్మాయి నన్ను పక్కకు లాగింది. "వదిలేద్దాం సార్. పాప ఎక్కువ తూగితే వాళ్ళమ్మకు సంతోషమే కదా. ఎవరికి నష్టం?"

నేను ఆమెను కిందికీ పైకీ చూశాను. "ఏమమ్మా, ఏ సెక్షను కింద?"

ఆమె తల దించుకుంది. నిజానికి ఆమె అన్నదే నాకూ అనిపించింది. పోనీలే అనడంలో నాకు చాలా ఏళ్ళ అనుభవం ఉంది. కానీ ఆ రోజు ఎందుకో ఆ తల్లికి అబద్ధపు బరువు కట్టి పంపబుద్ధి కాలేదు.

మేం గుసగుసలాడుకుంటున్నాం అనుకున్నాం కానీ, ఆ తల్లి విననే విన్నది.

"సారూ, అంటె గిది నా బిడ్డను ఎక్కువ చూపిస్తదా?"

"కొంచెం చూపిస్తది చెల్లే."

ఆమె తరాజు వైపు చూసింది, కూతురి వైపు చూసింది. మొగుడు నెమ్మదిగా, "పోనియ్యరాదె, తల్లికే గదా పోయేది. బస్సు పోతది," అన్నాడు.

"వద్దు," అంది. "దవాఖానల ఉన్నది ఉన్నట్టు చూపిస్తె ఏడ్చిన. ఇక్కడ లేనిది చూపిస్తె నవ్వాల్నా? నా బిడ్డ ఎంతున్నదో గంతనే జోకుండ్రి."

మిషను మీద వద్దు. తరాజు అబద్ధం. ముద్ర వెయ్యడానికి వీల్లేదు. బస్సు రెండింటికి. షావుకారు, మా అమ్మాయి, వరసలో జనం, అందరూ నా ముఖమే చూస్తున్నారు. నేను తల పట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రైనింగులో చెప్పిన ఒక చిన్న ఉపాయం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను, ఆ తర్వాత ఎన్నడూ వాడలేదు. తరాజు అబద్ధాలకోరుదే కావచ్చు. కానీ ఒకే పలక మీద ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటే ఇద్దరికీ ఒకే అబద్ధం చెబుతుంది. ముందు పిల్లను కూర్చోబెట్టి, అవతలి పలక మీద రాయో రప్పో పెట్టి ముల్లు నిలబెట్టాలి. తర్వాత పిల్లను దించి, పిల్ల కూర్చున్న చోటే బెల్లం పేర్చాలి. ముల్లు మళ్ళీ నిలబడిందంటే ఆ బెల్లం అచ్చంగా పిల్లంత. తరాజు వంకర ఎంతైనా సరే.

ఇక చట్టం. "అమ్మా," అన్నాను మా అమ్మాయితో, "తరాజును పరీక్ష చెయ్యాలంటే బరువు కావాలా వద్దా?"

"కావాలి సార్."

"ఆ బరువు ఏంది అన్నది ఎవరి ఇష్టం?"

ఆమెకు అర్థమైంది. మొదటిసారి నవ్వింది. "ఇన్‌స్పెక్టర్ ఇష్టం సార్."

"రాసుకో. పరీక్ష మొదలైంది."

పలక తుడిచి పసుపు రాసి పిల్లను కూర్చోబెట్టారు. బాసింపట్టు వేసుకుని, గొలుసులు రెండు చేతులా పట్టుకుని, పెళ్ళిపీట మీద కూర్చున్నంత దర్జాగా కూర్చుంది. "మా అమ్మ పొద్దుగాల సంది తినిపిస్తనే ఉన్నది," అని నాకు ఫిర్యాదు చేసింది. నా ఉద్యోగంలో తూకం పెరగడం మీద వచ్చిన ఫిర్యాదు అదొక్కటే.

అవతలి పలక మీద మా ముద్ర రాళ్ళు, తళతళలాడే కిలోలు, ఉన్నవన్నీ పెట్టాం. పలక కదల్లేదు. షావుకారు లోపలికి పోయి, తలుపుకు అడ్డంగా పెట్టుకున్న నల్లటి పాత రాళ్ళు తెచ్చాడు. వాళ్ళ తాత వాడిన శేరు రాళ్ళు. దుకాణంలో ఉండకూడనివి.

"సార్, ఇవి..." అంది మా అమ్మాయి.

"ఫోన్ లోపలనే ఉండనియ్యమ్మా," అన్నాను.

శేర్లు కిలోల పక్కన సర్దుకుని కూర్చున్నాయి. ఇంకా చాలకపోతే ఒక ఉప్పు బస్తా, దాని మీద గుప్పెడు ఇనుప మేకులు. ముల్లు మెల్లగా లేచి నిలబడింది. ఒక పక్క సర్కారు కిలోలు, రద్దయిన శేర్లు, ఉప్పు, మేకులు. ఇంకో పక్క పిల్ల. నా ఉద్యోగంలో అంత సరైన తూకం ఇంకోటి చూడలేదు.

"ఇగ దిగు బిడ్డా," అన్నాను.

పిల్ల ఒక్క గంతు వేసింది. గొలుసులు ఝల్లుమన్నాయి. ఖాళీ పలక గాలిలోకి ఎగిరిపోయింది.

"పెట్టుండ్రి!" అని అరిచింది తల్లి. అప్పటిదాకా గొంతు పెంచని మనిషి. "పెట్టు సేటూ, జల్ది పెట్టు!"

ఒక చేత్తో పిల్లను ఒంటికి అదుముకుంది, ఆమె కళ్ళు మాత్రం ఆ పైకి లేచిన పలక మీదనే ఉన్నాయి. అప్పుడు వెలిగింది నాకు. పిల్ల లేని పలక ఎలా ఉంటుందో ఆమె దవాఖానలో ఎన్నో రాత్రులు ముందే చూసుకుంది. నా ఉపాయం తెలివైనదే, కానీ అందులో ఈ ముక్క ఉందని నాకు తట్టలేదు. నేనే వంగి ఒక బెల్లం ముద్ద ఎత్తి పలక మీద పెట్టాను.

ఆ తర్వాత అందరూ చెయ్యేశారు. షావుకారు కంటితో చూసి, "గీ పిల్లకు గింత చాలు," అని ముందే ఒక కుప్ప వేరు చేసి పెట్టుకున్నాడు. ఆ కుప్ప అయిపోయింది, పలక ఇంకా పైనే ఉంది.

"చాల్లేదు!" అంది తల్లి. ఆ ఒక్క ముక్కలో ఎంత సంతోషమో చెప్పలేను. "చూసినవా సేటూ, చాల్లేదు! ఇంకా తే!"

"తెస్తాన తల్లీ, తెస్తాన. ఏం తినిపించినవే పిల్లకు!" అంటూ షావుకారు చెమటలు కక్కుకుంటూ లోపలికి ఉరికాడు. మా అమ్మాయి చున్నీ నడుముకు చుట్టి ముద్దలు అందిస్తోంది. వరసలో ఉన్నవాళ్ళు సమ్మక్క తల్లికి జై కొడుతున్నారు. పలక ఒక్కో ముద్దకూ కాస్త కాస్త దిగుతోంది. చివరికి పూర్తి ముద్ద పెడితే ఎక్కువవుతుంది, చిన్న ముక్క కావాలి. షావుకారు ఒక ముద్ద పగలగొట్టాడు. పిల్ల ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

"తినకే! బంగారం!" అన్నాడు తండ్రి.

"తిననియ్యి," అంది తల్లి. "దాని జోకుడైనంక తింటె తల్లి లెక్కల్లకు రాదు."

ఆఖరి ముక్క పిల్ల చేతనే పెట్టించాం. ముల్లు నిలబడింది.

తర్వాత ఆ బెల్లమంతా లోపలి మిషను మీదికి ఎక్కింది. వ్యాపారం వ్యాపారమే కదా, కిలోల లెక్క కట్టాలి. ఎర్ర అంకెలు వెలిగాయి. తల్లి అటు వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడింది. షావుకారు అంకెలు పైకి చదవబోతే నేను నోటి మీద వేలు పెట్టాను. తండ్రి ఒక్కడే దగ్గరకు వెళ్ళి చూశాడు. చాలాసేపు చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పైసలు లెక్కపెట్టి షావుకారు చేతిలో పెట్టాడు.

బంగారం మూటలు రోడ్డు అవతల ఆగిన ఆటోలో వేశారు. రోడ్డు దాటేటప్పుడు తల్లి పాత అలవాటు కొద్దీ పిల్లను చంకనెత్తుకోబోయింది. లేవలేదు. మళ్ళీ ఎత్తబోయింది. నడుం పట్టుకుని, "అయ్యో, నువ్వు ఎత్తుకస్తలేవు గదనే!" అని నడి రోడ్డు మీద పకపకా నవ్వింది. వెనక నుంచి బండివాడు హారన్ కొడుతున్నా కదల్లేదు.

తరాజును మాత్రం మేం పట్టుకుపోయాం. పరీక్షలో తప్పింది కదా. రిపోర్టులో "పరీక్షకు వాడిన బరువు" అన్న చోట ఏం రాయాలని మా అమ్మాయి అడిగితే, "తగినంత" అని రాయమన్నాను. జాతర అయ్యాక షావుకారు జరిమానా కట్టి, కాడ మంచి కమ్మరి చేత సరి చేయించి తెచ్చాడు. దాని మీద ముద్ర వేసింది ఆ అమ్మాయే. తర్వాతి జాతర నాటికి నేను రిటైరయ్యాను. తరాజు ఇప్పుడు నిజమే చెబుతోందట, బెల్లం కొంచెం తక్కువ అమ్ముడవుతోందని షావుకారు నన్ను కనిపించినప్పుడల్లా ఆడిపోసుకుంటాడు.

ఈ కథంతా నడకలో ఆ కుర్రాడికి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. అంతా విని, చదువుకున్నవాడు కదా, అడగాల్సింది అడిగాడు.

"అన్నీ మంచిగనే చెప్పిండ్రు అంకుల్. ఇంతకు ఆ పిల్ల ఎన్ని కిలోలు తూగింది?"

ఆ ఎర్ర అంకెలు నేనూ చూశాను. చుక్క తర్వాత అంకెలతో సహా ఇప్పటికీ గుర్తున్నాయి. తూకం పైకి చెప్పకపోతే దుకాణదారుకు జరిమానా వేసిన మనిషిని నేను.

"పిల్లంత," అన్నాను.